తాజ్ మహల్ వెనకతట్టు

సరస్వతమ్మ పదకొండుసార్లు ఆగ్రా పోయింది. పదకొండుసార్లూ తాజ్ మహల్ చూడకుండా తిరిగొచ్చింది. ఇట్లాంటి రికార్డు కురబలకోట మండలంలో ఎవరికీ లేదు. ఆ మాటకొస్తే ఆగ్రాలోనూ ఉండదు. అక్కడి వీధికుక్కలు కూడా ఏదో ఒక పొద్దు లోపలికి పోయి చూసొచ్చే ఉంటాయి.

పుంగనూరు నాగరాజు ఏటా కార్తీకమాసంలో నడిపే కాశీయాత్ర బస్సుకు ఆమె వంటమనిషి. మొదటి ఏడే ఒక పెద్దాయన తేల్చి చెప్పేశాడు. ఎంత తెల్లగా ఉన్నా సమాధి సమాధే. చూసొచ్చినవాళ్ళు నెత్తిన పసుపునీళ్ళు చల్లించుకుంటే చాలు, పొయ్యి ముట్టే మనిషి మాత్రం తలకు పోసుకోవాలి. బస్సులు నిలబెట్టే చోట తలకు పోసుకోవడానికి కాదు గదా, కంట్లో దుమ్ము పడితే కడుక్కోవడానికి కూడా నీళ్ళు దొరకవు. కాబట్టి వంటమనిషి పోకూడదు. ఆ పెద్దాయన మళ్ళీ ఏ యాత్రకూ రాలేదు. ఆయన మాట మాత్రం టికెట్టు లేకుండా ప్రతి ఏడూ బస్సెక్కేది.

అందరూ చూడబోయినప్పుడు ఆమె చెంబులో పసుపు కలిపి, వేపరెమ్మ పట్టుకుని బస్సు మెట్ల దగ్గర నిలబడేది. తిరిగొచ్చినవాళ్ళ నెత్తిన చల్లుతూ ఒక్కొక్కర్నీ అడిగేది.

"ఎట్లుండాది?"

"క్యాలెండర్లో ఇంకా పెద్దగుంటాది సరసక్కా."

"ఎండకు రాయి కాలి అరికాళ్ళు బొబ్బలెక్కినాయి."

"ముందర నీళ్ళయితే ఉండాయి గానీ, ఒక్క చేపన్నా లేదు."

"మన హార్సిలీ కొండ ముందర అదేం లెక్కమ్మా."

ఒక సంవత్సరం ఒకావిడ చాలా బాధపడుతూ చెప్పింది. "అంత పెద్దిల్లు కట్టినారు, వంటిల్లు పెట్టలేదు సూడక్కా."

నాలుగువందల మంది సణుగుళ్ళను ఒకదాని మీద ఒకటి పేర్చి సరస్వతమ్మ మనసులో ఒక తాజ్ మహల్ కట్టుకుంది. అది పొట్టిగా, వేడిగా, చేపలూ వంటిల్లూ లేకుండా ఉండేది. అయినా దాన్ని ఒక్కసారి చూడాలని ఉండేది. ఇంతమంది ఇంతదూరం పోయి తిట్టొచ్చే వస్తువును చూడకుండా ఎట్లా ఉంటారు ఎవరైనా.

రెండువేల నాలుగులో పన్నెండో యాత్ర. కుప్పంలో బస్సు మీదికి సామాను ఎక్కిస్తూ నాగరాజు మామూలుగా ఒక మాటన్నాడు.

"వచ్చే ఏటినుంచి గ్యాసు పొయ్యిలు పెట్టుకుంటామక్కా. తిరుపతి నుంచి మగ వంటోళ్ళు ఇద్దరొస్తాండారు. నీకూ మోకాళ్ళు నొప్పులు గదా."

సరస్వతమ్మ రాగిపిండి మూట మూతి బిగించి కడుతోంది. ముడి వేసింది. వేసిన ముడి మీద ఇంకో ముడి వేసింది.

"అట్లనే కానీప్పా" అంది.

ఆ తర్వాత ఇరవై లీటర్ల తెల్ల క్యాన్లు రెండు తెచ్చి, నీళ్ళు నింపి, మూతలకు పాలిథిన్ కవరు చుట్టి, వెనకసీటు కిందికి తోసింది. డ్రైవరు హనుమంతు చూశాడు. పదకొండేళ్ళుగా ఆ బస్సు స్టీరింగు అతనిదే. యాత్రకు రెండో డ్రైవరు మారుతుంటాడు, హనుమంతు మారడు.

"తాగే నీళ్ళు పైన డ్రమ్ములో ఉండాయి గదక్కా. ఇవి యాల?"

"తలకు పోసుకోను."

"యాడ?"

సరస్వతమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "ఆగ్రాలో. ఈసారి నేను గూడా పొయ్యి సూసొస్తా. వచ్చి బస్సు ఎనకాల చీర అడ్డం కట్టుకొని పోసుకుంటా. ఎవురికీ చెప్పాకు."

హనుమంతు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు క్యాన్ల మీద తన పరుపు కప్పాడు.

*

సోమవారం పొద్దున ఏడున్నరకు రాహుకాలం వస్తుంది, ఏడింటికే బస్సు కదలాలని వరదరాజులు సార్ పంచాంగం చూసి కాగితం మీద రాసిచ్చాడు. ఆయన కుప్పంలో రిటైరైన హెడ్మాస్టరు. ముప్పైనాలుగేళ్ళు పేపర్లు దిద్దిన చెయ్యి, రిటైరైనా ఊరుకోలేదు. ఏ ఊరికి పోయినా ఆ ఊరికి నూటికిన్ని అని మార్కులు వేసేవాడు. ఊటీకి ముప్పై ఎనిమిది. కన్యాకుమారికి నలభై ఒకటి, సూర్యోదయం ఆలస్యమైందని మూడు కోత. హార్సిలీ కొండకు యాభై, అదీ సొంత జిల్లా అని కలిపిన గ్రేసు మార్కులతో. ఇంతవరకూ భూమ్మీద ఏ స్థలమూ ఆయన చేతిలో సెకండు క్లాసు దాటలేదు.

ఏడయింది. ఏడున్నరా అయింది. రామకుప్పం నుంచి రావలసిన మునిచంద్రా, అతని పెండ్లామూ, తల్లీ రాలేదు. పదిన్నర దాటినాక ఆటోలో దిగారు. మునిచంద్ర మోకాళ్ళదాకా బురద.

"ఏనుగులొచ్చి రాగిచేన్లో నిలబడుకున్న్యాయి సార్. దోవకు అడ్డంగా. బస్సుకు టైమైతాందని వాటికెట్ల చెప్పేది?"

"ఎన్ని?" అన్నాడు వరదరాజులు సార్, హాజరు పట్టీ తీసినట్టు.

"మూడు సార్. ఒకటి పిల్లది."

సార్ పంచాంగం విప్పాడు. పదిన్నరకే యమగండం వచ్చేసింది. అది పోతే వర్జ్యం. వర్జ్యం పోయేసరికి పొద్దుగూకుతుంది. రేపు మంగళవారం, ఉత్తరదిక్కుకు వారశూల. ఉత్తరానికి పోయేవాళ్ళు ఇల్లు కదలకూడదు. బుధవారమూ అంతే. కాశీ ఏమో అనాదిగా ఉత్తరానే ఉంది.

అందరూ తలలు పట్టుకుని ఉంటే హనుమంతు బీడీ ఆర్పి దారి చూపించాడు.

"ఉత్తరానికి బయల్దేరకూడదు, అంతే గద సార్. మంగళారం పొద్దున్నే దక్షిణానికి బయల్దేరుదాము. తమిళనాడు ఈడ్నే గదా ఉండాది. దాన్ని తాకి తిరుక్కుందాము."

వరదరాజులు సార్ చాలాసేపు ఆలోచించి, శాస్త్రంలో దీనికి అడ్డు లేదన్నాడు. మర్నాడు తెల్లారి కాశీయాత్ర బస్సు, 'హరహర మహాదేవ' అనిపించుకుంటూ, కాశీకి సరిగ్గా వీపు పెట్టి బయల్దేరింది. సరిహద్దు చెక్‌పోస్టులో మనిషి చెయ్యెత్తి ఆపి ఎక్కడికని అడిగాడు. కాశీకి అని హనుమంతు చెప్పాడు. ఆ మనిషి బస్సు ముఖం పెట్టిన దిక్కు చూశాడు, బస్సులో ముసలివాళ్ళను చూశాడు, దారి వదిలాడు. వాళ్ళు అక్కడే బస్సు తిప్పుకుని, పుంగనూరులో పదముగ్గురినీ మదనపల్లెలో పదహారుమందినీ ఎక్కించుకుని ఉత్తరానికి పోయారు.

ఒక్క రోజు ఆలస్యం. అంతకంటే ఏమీ కాలేదు. ప్రతి ఏడూ గురువారం చేరే ఆగ్రాకు ఈ ఏడు శుక్రవారం చేరారు. శుక్రవారం తాజ్ మహల్‌కు సెలవని ఆ బస్సులో ఎవరికీ తెలియదు. రామకుప్పంలో రాగులు తిన్న మూడు ఏనుగులు, అందులో ఒకటి పిల్లది, రెండువేల కిలోమీటర్ల అవతల తాజ్ మహల్ మూయించాయి.

*

ఆ పొద్దు సరస్వతమ్మ తెల్లవారుజామునే లేచి, దోవలో ఒక ధాబా వెనక చింతపండన్నం కలిపేసింది. మధ్యాహ్నం పొయ్యి వెలిగించే పని పెట్టుకోలేదు. ఆగ్రాలో బస్సు ఆగగానే అందరూ ఇస్త్రీబట్టలతో దిగారు. మదనపల్లె టమాటా మండీలో కొట్టున్న నారాయణమ్మ కొత్త చెప్పులు వేసుకుంది. వాళ్ళను ముందు పోనిచ్చి వెనకాల పోదామని సరస్వతమ్మ పసుపు చీర మార్చుకుని, జడ విప్పి మళ్ళీ వేసుకుని, క్యాన్ల మీది పరుపు తీసింది. మూత తిప్పి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

ఇరవై నిమిషాలకే అందరూ తిరిగొచ్చారు. ముందర నాగరాజు, అతని వెనక అరుపులు.

"ఏమైందప్పా?" అంది సరస్వతమ్మ.

"లీవంట" అన్నాడు నాగరాజు.

నారాయణమ్మ కొత్త చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. "కరపత్రంలో బొమ్మేసినావు గదప్పా నాగరాజూ. కాశీ బొమ్మ అగ్గిపెట్టంత, ఈ బొమ్మ చేటంత. ఇప్పుడు లీవంటే?"

"రేపు తెరుస్తారంటక్కా. రేపటిదాకా ఉంటే అమావాస్యకు గయ అందుకోలేము. పెద్దోళ్ళకు పిండాలు పెట్టల్లనా, దీన్ని సూడల్లనా, మీరే చెప్పండి."

అందరూ తిరిగి మునిచంద్ర వైపు చూశారు. అతను తలొంచుకుని, ఏనుగులను తానే పెంచి మేపినంత సిగ్గుపడ్డాడు.

వరదరాజులు సార్ జేబులోంచి పుస్తకం తీశాడు. "ఆబ్సెంట్" అని రాసుకున్నాడు.

కోపం తగ్గడానికి నాగరాజు అందరినీ బజారుకు పంపించాడు, నాలుగున్నరకు ఇక్కడికే రమ్మని. చూడడానికి లేని తాజ్ మహల్‌ను కొనుక్కోవడానికైనా ఉంటుంది గదా. సరస్వతమ్మ పసుపు చీర విప్పి మడిచి, పాత చీర కట్టుకుంది. క్యాను మూతకు మళ్ళీ పాలిథిన్ చుట్టింది. ఆమె ముఖం చూసి హనుమంతు బీడీ వెలిగించబోయి మానుకున్నాడు.

"అంట్లుండాయి హనుమంతూ" అంది. "నీళ్ళు యాడన్నా దొరికితే సూడు."

"సీటు కింద ఉండాయి గదక్కా."

"అవి అంట్లకు కాదు."

హనుమంతు టీ అంగట్లో చేతులూ కాళ్ళూ ఊపి హిందీలో కనుక్కొచ్చాడు. ఏరు దాటి అవతల గట్టుకు పోతే చేలు, మోటారు బావులు ఉంటాయట. బస్సు ఇనుప వంతెన దాటి, ఒక పల్లెలో సందులు తిరిగి, కాలీఫ్లవర్ తోట పక్కన ఆగింది. తోటలో మోటారు ఆడుతోంది గానీ కాలవలో గిన్నెలు కడిగితే తోటవాడు ఒప్పుకోడు. ఏటి ఇసుకలో తోముకుని, బిందెతో నీళ్ళు తెచ్చుకోమని చేత్తో చూపించాడు.

యాభై మందికి అన్నం ఉడికే అల్యూమినియం డేగిసా అది. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. హనుమంతు బిందెలకు పోయాడు. సరస్వతమ్మ దాని చెవి పట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, గట్టు దిగి ఇసుకలోకి ఈడ్చుకుపోయింది. డేగిసా లోపల అద్దంలా ఉంటుంది, అందులో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. అడుగు మాత్రం పన్నెండేళ్ళ మసి. అడుగును ఎవరూ తోమరు. తోమినా రేపు పొయ్యి మీద పెడితే మళ్ళీ నల్లగవుతుంది, పైగా చూసేదెవరు.

నీటి అంచుకొచ్చి డేగిసాను నిలబెట్టి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, మోకాలు సవరించుకుని, ఆమె వెనక్కి తిరిగింది.

పొద్దు పడమటికి వాలి ఉంది. ఏట్లో నీళ్ళు తక్కువ, వాసన ఎక్కువ. నాలుగు బర్రెలు పడుకుని ఉన్నాయి. వాటికి అవతల, ఏటి పొడుగునా ఎర్రరాతి గోడ. దాని మీద అది ఉంది.

మొదట ఆమె అది ఏదో గుడి అనుకుంది. తర్వాత నాలుగు స్తంభాలు కనిపించాయి. క్యాలెండరు గుర్తొచ్చింది. చేతిలో పీచు కిందపడింది.

చల్లారి గడ్డకడుతున్న నేతిరంగు. అంత రాయి ఉండీ ఎక్కడా బరువు లేదు. అన్నం ఉడికేటప్పుడు ఆవిరికి మూత లేస్తుందే, అట్లా ఆ గుమ్మటం ఇంకొక్క మంట పెడితే పైకి లేచేటట్టు ఉంది. ఎవరో సరిగ్గా ఆ నిమిషానికి మంట తీసేసినట్టు ఉంది. నలభై ఏళ్ళుగా పొయ్యి ముందర ఆ నిమిషం కోసమే కాచుకునే మనిషి ఆమె. ఇది చేసినవాడికి ఆ నిమిషం తెలుసు.

హనుమంతు బిందెతో వచ్చి పక్కన నిలబడ్డాడు. అతనూ పదకొండుసార్లు బస్సుకు కాపలా ఉన్నవాడే.

"అదే గదక్కా?"

"అదే."

ఆమె అడిగింది. "ఇది ముందరా, ఎనకా?"

హనుమంతు ఏటిని చూసి, పొద్దును చూసి, వచ్చిన దారి వేళ్ళమీద లెక్క కట్టాడు. "ఎనకతట్టక్కా. గేటు ఆ పక్క ఉండాది."

సరస్వతమ్మకు నమ్మకం కుదరలేదు. మదనపల్లెలో ఎంత పెద్ద మేడకైనా వీధి తట్టే సిమెంటూ, రంగూ. పక్కకు పోతే పచ్చి ఇటుక, వెనక్కి పోతే పైపులూ, పాకురూ. సినిమాహాలైనా అంతే, బ్యాంకైనా అంతే. ఎవరు తిరిగి చూస్తారని. ఆమె ఇసుక మీద కుడికి వంద అడుగులు నడిచింది. మళ్ళీ ఎడమకు రెండువందల అడుగులు నడిచింది. మోకాళ్ళు నొప్పులున్నట్టు ఆమెకు గుర్తులేదు. కొండ్రాయి పగుల్లో తేలును వెతికినట్టు ఆ తెల్లటి రాతిలో ఒక పచ్చి ఇటుక కోసం వెతికింది. రంగు వెయ్యడం మరిచిన ఒక మూల, సరిపోతుందిలే అని వదిలేసిన ఒక అంచు. ఎక్కడా లేదు. బర్రెలు తప్ప ఎవరూ చూడని ఈ తట్టు కూడా, రాజు వచ్చి నిలబడే తట్టు అన్నట్టే చేసి ఉంది.

ఆమె వచ్చి డేగిసా పక్కన ఇసుకలో కూర్చుంది.

"నాలుగైతాందక్కా" అన్నాడు హనుమంతు. "వాళ్ళను ఎక్కించుకోవల్ల. తోముదాం పట్టు."

"నువ్వు పొయ్యి వాళ్ళను ఈడికే పిలుచుకొని రా."

"రాత్రికి వంట?"

"తొందరగా పో. పొద్దు మునుగుతాది."

పన్నెండేళ్ళలో సరస్వతమ్మ ఆ బస్సులో ఇచ్చిన మొదటి ఆర్డరు అది. ఇనుప వంతెన మీద ఆ సాయంత్రం ఆ బస్సు పోయిన వేగానికి, వంతెన ఇప్పటికీ ఊగుతూ ఉంటే ఆశ్చర్యం లేదు.

*

వాళ్ళు సణుక్కుంటూ దిగారు. ఒక్కొక్కరి చేతిలో కాగితం చుట్టిన చిన్న చిన్న తాజ్ మహళ్ళు. కాలీఫ్లవర్ గట్ల మీద నారాయణమ్మ చెప్పులకు బురదయింది.

"అంట్లు తోమే తావుకు మమ్మల్ని యాల పిలిపించినావు సరసా? మేమూ తోమల్లనా?"

సరస్వతమ్మ పక్కకు జరిగింది.

పొద్దు అప్పుడే ఏటి అంచుకు దిగుతోంది. నేతిరంగు పోయి, లేత దానిమ్మగింజ రంగు వచ్చింది. ఏట్లో ఉన్న ఆ కొంచెం నీళ్ళలోనే అది మొత్తం పట్టింది. నారాయణమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. మదనపల్లె మండీలో ఆమె మాట మధ్యలో ఆపిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. వెనకాల వచ్చేవాళ్ళు ముందరున్నవాళ్ళను తగిలి, తలెత్తి, వాళ్ళూ నిలబడిపోయారు. మునిచంద్ర తల్లిని చంకలో చెయ్యి వేసి దించుతూ వచ్చాడు.

"ఏనుగులు మేలు చేసినాయి నాయనా" అందామె.

ఎవరూ ఇది చిన్నదనలేదు. చేపల సంగతి ఎత్తలేదు. రాత్రికి తిండేమిటని అడగలేదు. వంటమనిషి చూసొస్తే పొయ్యికి మైల అంటుతుందని పదకొండేళ్ళు ఆమెను ఆపేసిన బస్సు, ఆ రాత్రి బొరుగులూ బజారు మిఠాయీ తిని పడుకుంది, ఎవరూ గొణగలేదు.

వరదరాజులు సార్ అందరికంటే ముందుకు పోయి, తడి ఇసుకలో చెప్పులు దిగబడేదాకా పోయి నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. రంగు తగ్గి, బూడిద కమ్మి, చివరికి ఆ గుమ్మటం ఆకాశంలో ఒక లేత గీతగా మిగిలేదాకా కదల్లేదు.

"పసుపునీళ్ళు కలపల్లనా సార్?" అని అడిగింది సరస్వతమ్మ.

"ఏరు అడ్డముండాది గదమ్మా. మైల ఏరు దాటి రాదు." ఆయన మళ్ళీ అన్నాడు. "నీకు గూడా తలకు పోసుకునే పనిలేదు. ఈడికొచ్చి సూసింటే ఇన్నేండ్లూ ఆ పనే ఉండ్లేదు. ఎవురికీ తట్టలేదు."

"ఎన్ని మార్కులు సార్?"

సార్ చెయ్యి జేబు దాకా పోయింది. పుస్తకం తీశాడు. 'ఆబ్సెంట్' అని రాసినచోట గీత కొట్టాడు. పెన్ను కాసేపు పట్టుకున్నాడు. మూత పెట్టేశాడు.

"ఇది నేను దిద్దే పేపరు కాదమ్మా" అన్నాడు.

తర్వాత వాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. పదకొండేళ్ళు ఆమె అడిగిన మాటే, మొదటిసారి నారాయణమ్మ ఆమెను అడిగింది.

"నీకెట్లుండాది సరసా?"

సరస్వతమ్మ కిందపడిన పీచు వెతికి తీసుకుంది. డేగిసాను బోర్లించింది.

"ఒరే హనుమంతూ" అంది. "సీటు కిందివి రెండు క్యాన్లూ తీసుకొని రా."

*

పన్నెండు రోజుల తర్వాత బస్సు పుంగనూరు చేరింది. సామాను దించుతుంటే నాగరాజు డేగిసా ఒక చెవి పట్టుకుని, అడుగు చూసి ఆగిపోయాడు. గయలో కొంత, కాశీలో కొంత, దోవలో ఆగిన ప్రతిచోటా కొంత తోముతూ వచ్చింది ఆమె. పన్నెండేళ్ళ మసి పోయి, అడుగు ఎండలో కళ్ళు చెదిరేటట్టు మెరుస్తోంది.

అప్పటికే దిగినవాళ్ళు నాగరాజు చెవిలో వచ్చే ఏటికి పేర్లు చెప్పి పోయారు. అందరిదీ ఒకటే షరతు. వెనకతట్టు చూపిస్తేనే వస్తాం, ఊరికే ముందర చూపిస్తే రాం. నారాయణమ్మ అయితే కరపత్రంలో బొమ్మ కూడా మార్చమంది.

"తిరుపతోళ్ళకు ఇంకా మాటియ్యలేదులేక్కా" అన్నాడు నాగరాజు, ఎటో చూస్తూ. "నీ మోకాళ్ళు ఎట్లుండాయి?"

"ఉండాయి."

అతను డేగిసాను కొట్టులోకి మోస్తూ మళ్ళీ ఒకసారి అడుగు చూశాడు. "అయినా ఇదేం పనక్కా. అడుగెవురు సూస్తారు?"

సరస్వతమ్మ రెండో చెవి పట్టుకుంది.

"ఏమో నాయనా" అంది. "ఏటికి అవతల ఎవురన్నా ఉంటే?"